ఐరోపాకు దారి పొరుగుదేశం మీదుగానే

2018 జనవరి మధ్య నుంచి మార్చి మొదటి వారం దాకా ఐరోపాలోని 25 దేశాల్లో ఇళ్లలోని గడియారాలు కొన్ని నెమ్మదించాయి. చేతి గడియారాలకూ ఫోన్లకూ ఏమీ కాలేదు. కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు తిరుగుతుందన్న లెక్క మీద టైము చూపించే ఓవెన్లూ, మంచం పక్కన పెట్టుకునే అలారం రేడియోలూ మాత్రం దాదాపు 6 నిమిషాలు వెనకబడ్డాయి. స్పెయిన్‌ నుంచి తుర్కియే దాకా పరుచుకున్న గ్రిడ్‌ ఒక్కటే కావడంతో ఒక చోట లోటు పడితే అంతటా ఆ 50 కొద్దిగా తగ్గుతుంది. స్పెయిన్‌లో అలారం ఆలస్యంగా మోగడానికి కారణం కొసావోలో ఉంది. అక్కడ ఉత్పత్తికి మించి కరెంటు వాడారు. సెర్బులు ఎక్కువగా ఉండే ఉత్తర కొసావో మున్సిపాలిటీల వాడకానికి డబ్బు ఎవరు కట్టాలన్న తగాదా అప్పటికే ఏళ్లుగా నలుగుతోంది. లోటు పూడ్చాల్సిన బాధ్యత ఆ ప్రాంతపు గ్రిడ్‌ను సమతూకంగా ఉంచే సెర్బియా సంస్థది. అది పూడ్చలేదు. అలా ఐరోపా గ్రిడ్‌కు మొత్తం 11.3 కోట్ల యూనిట్ల లోటు పడింది.

కొసావో, సెర్బియాలతో పాటు అల్బేనియా, మాంటెనెగ్రో, ఉత్తర మాసిడోనియా, బోస్నియా-హెర్జెగొవీనాలను కలిపి పశ్చిమ బాల్కన్‌ దేశాలంటారు. ఆరూ ఐరోపా సమాఖ్యలో చేరడానికి ఎదురుచూస్తున్నాయి. మన పత్రికల్లో వీటి పేర్లు తరచూ కనిపించవు. సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌ అంటే 1961లో అలీన దేశాల తొలి శిఖరాగ్ర సభ జరిగిన నగరమని పాత తరానికి గుర్తుంటుంది. ఉత్తర మాసిడోనియా రాజధాని స్కోప్యే మదర్‌ థెరెసా పుట్టిన ఊరు. ఆరు దేశాల జనాభా కలిపినా రెండు కోట్లకు లోపే, అంటే 2011 లెక్కల్లోని తెలంగాణ జనాభాలో ఇంచుమించు సగం. ఇంత చిన్న ప్రాంతం, ఇన్ని సరిహద్దులు. పెద్ద సమాఖ్యలో చేరడమే లక్ష్యమైనప్పుడు ఈలోగా పొరుగువాళ్లతో కలిసి పనిచేయడం కాలక్షేపమా, లేక చేరికలో అసలు భాగమా అన్న చర్చ ఇరవై ఏళ్లకు పైగా అక్కడ నడుస్తోంది. అసలు భాగమేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. అయితే చివర్లో సభ్యత్వం నిజంగా దక్కుతుందన్న భరోసా లేకపోతే ఆ సహకారం ఎండిపోతుంది. బ్రస్సెల్స్‌ మొదటి విషయాన్ని ప్రతి సమావేశంలోనూ గుర్తు చేస్తుంది. రెండోది నిలబెట్టే బాధ్యత తనదేనని మాత్రం తరచూ మరిచిపోతుంది.

బాల్కన్లకు ముందు ఈ దారిలో నడిచినవాళ్లున్నారు. 1991 ఫిబ్రవరి 15న హంగరీలోని విషెగ్రాడ్‌ అనే చిన్న పట్టణంలో పోలండ్, హంగరీ, చెకొస్లొవేకియా నాయకులు కలిశారు. 1335లో ఆ మూడు దేశాల రాజులు సమావేశమైన చోటు అది. సోవియట్‌ ప్రాబల్యం నుంచి అప్పుడే బయటపడిన ఈ దేశాలకు ఒకరి మీద ఒకరికి పెద్ద ప్రేమేమీ లేదు. కానీ విడివిడిగా వెళ్లి తలుపు తట్టితే పశ్చిమ ఐరోపా ఒకరిని చూపించి మరొకరిని ఆపగలదని వాళ్లకు అర్థమైంది. మరుసటి ఏడాది డిసెంబరులో క్రాకోలో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం చేసుకున్నారు. సెఫ్టా అన్న పేరుతో అది ఆ తర్వాత స్లొవేనియా, రుమేనియా, బల్గేరియాల దాకా విస్తరించింది. ఈ ఒప్పందంలో నాకు బాగా నచ్చే విషయం దాని తాత్కాలికత. సమాఖ్యలో చేరిన రోజున ఆ దేశం సెఫ్టా నుంచి తప్పుకుంటుంది. 2004 మే 1న పోలండ్, హంగరీ, చెకొస్లొవేకియా విడిపోయి ఏర్పడ్డ చెక్, స్లొవేకియాలు, స్లొవేనియా అలాగే తప్పుకుని అటు చేరాయి. సహకారం అక్కడ సభ్యత్వానికి పోటీ రాలేదు, దానికి తోవ చూపింది.

ఆ రోజుల్లోనూ దీన్ని వ్యతిరేకించినవాళ్లున్నారు. చెక్‌ ప్రధానిగా వాత్స్లావ్‌ క్లౌస్‌ విషెగ్రాడ్‌ కూటమిని పెద్దగా పట్టించుకోలేదు. తమ దేశం మిగతావాళ్లకంటే ముందుందని, వాళ్ల కోసం ఆగితే ఆలస్యమవుతుందని ఆయన ఆలోచన. ఈ అభ్యంతరం తేలిగ్గా తీసిపారేయదగింది కాదు, ఎందుకంటే సమాఖ్య కూడా ప్రతి దేశాన్ని దాని అర్హతను బట్టే తూకం వేస్తానంటుంది. కానీ జరిగింది చూడండి. వ్లాదిమీర్‌ మెచియార్‌ పాలనలో ప్రజాస్వామ్య ప్రమాణాలు దిగజారడంతో 1997లో స్లొవేకియాను సభ్యత్వ చర్చలకు పిలవలేదు. పొరుగువాళ్లు మాత్రం పిలుపు అందుకుని ముందుకు సాగారు, స్లొవేకియా వాళ్ల కాలికి బండరాయి కాలేదు. 1998 ఎన్నికల్లో అక్కడ ప్రభుత్వం మారాక విషెగ్రాడ్‌ కూటమి మళ్లీ ప్రాణం పోసుకుంది, స్లొవేకియా ఆలస్యాన్ని పూడ్చుకుంది, చివరికి నలుగురూ ఒకే రోజున చేరారు. వెనకబడినవాడిని లాక్కొచ్చారే తప్ప ముందున్నవాడిని ఎవరూ ఆపలేదు. దీనికంటే ముఖ్యమైంది ఇంకొకటుంది. స్లొవేకియాలోనూ రుమేనియాలోనూ లక్షల సంఖ్యలో హంగేరియన్లు ఉన్నారు. వాళ్ల హక్కుల మీద, సరిహద్దుల మీద తగాదా యుద్ధంతో ముక్కలైన యుగోస్లావియా బాట పడుతుందేమోనని భయపడిన ఐరోపా, సభ్యత్వం కావాలంటే ముందు పొరుగువాళ్లతో ఒప్పందాలు చేసుకోమంది. హంగరీ 1995 మార్చిలో స్లొవేకియాతో, 1996 సెప్టెంబరులో రుమేనియాతో సంతకాలు చేసింది. సరిహద్దుల జోలికి వెళ్లబోమన్న హామీ, మైనారిటీల హక్కులను కాపాడతామన్న మాట వాటిలో ఉన్నాయి. ఇవి సులువుగా వచ్చిన సంతకాలు కావు, బుడాపెస్ట్‌లో తీవ్ర వ్యతిరేకత ఎదురైంది. సభ్యత్వం కళ్లెదుట కనిపిస్తోంది కనుకే నాయకులు ఆ రాజకీయ మూల్యం చెల్లించారు.

బాల్కన్లలో ఇదే ప్రయత్నం యుద్ధం తర్వాత మొదలైంది. 1992-95 మధ్య బోస్నియాలో సుమారు లక్ష మంది చనిపోయారు. 1999 కొసావో యుద్ధం ముగిశాక, 2003 జూన్‌లో గ్రీసులోని థెస్సలొనీకి నగరంలో సమాఖ్య నాయకులు ఈ ప్రాంతం భవిష్యత్తు ఐరోపా సమాఖ్యలోనే ఉందని మాటిచ్చారు. 2006 డిసెంబరులో బుకారెస్ట్‌లో సెఫ్టాను బాల్కన్ల కోసం తిరగరాశారు. అంతకుముందు ఈ దేశాల మధ్య ఇద్దరిద్దరుగా చేసుకున్న 32 ఒప్పందాల చిక్కుముడి ఉండేది, దాని బదులు ఒక్క ఒప్పందం వచ్చింది. 2008లో సారయేవోలో ప్రాంతీయ సహకార మండలి ఏర్పడింది. క్రొయేషియా 2013 జులై 1న సమాఖ్యలో చేరింది. ఆ తర్వాత పశ్చిమ బాల్కన్ల నుంచి ఒక్క దేశమూ చేరలేదు.

చేరలేదు కదా అని మధ్యలో గడిచిన కాలం వృథా అయిందనుకుంటే పొరపాటు. కరెంటు సంగతే చూడండి. అల్బేనియా విద్యుత్తు దాదాపు మొత్తం జలవిద్యుత్తే, ద్రిన్‌ నది మీది ఆనకట్టలే దానికి ఆధారం. కొసావోలో ఎక్కువ భాగం నాసిరకం బొగ్గుతో తయారయ్యే కరెంటు. వానలు పడిన ఏడాది ఒకరికి మిగులు, వానలు లేనప్పుడు ఇంకొకరి సాయం అవసరం. ఇంత చక్కగా కుదిరే జంట ఉండి కూడా, జర్మనీ అప్పుతో వేసిన 400 కిలోవోల్టుల లైను 2016లో పూర్తయ్యాక నాలుగేళ్లు వాడకంలోకి రాలేదు. కొసావో గ్రిడ్‌ మీద సెర్బియా తన పట్టు వదలకపోవడమే కారణం. 2020లో ఐరోపా గ్రిడ్‌ సంస్థలు కొసావోకు ప్రత్యేక హోదా ఒప్పుకున్నాక, ఆ డిసెంబరు నుంచి అల్బేనియా, కొసావోలు ఒకే విద్యుత్‌ విభాగంగా పనిచేస్తున్నాయి. కొసావోను ప్రత్యేక దేశంగా సెర్బియా గుర్తించకపోవడమన్న చిక్కు అలాగే ఉంది. తీగలో కరెంటు మాత్రం పారుతోంది. ఫోన్ల విషయంలోనూ అంతే. సరిహద్దు దాటిన వెంటనే బిల్లు భయంతో డేటా ఆపేసుకునే పరిస్థితి ఒకప్పుడు ఉండేది. 2019లో బెల్‌గ్రేడ్‌లో చేసుకున్న ఒప్పందం ప్రకారం 2021 జులై 1 నుంచి ఆరు దేశాల మధ్య రోమింగ్‌ చార్జీలు ఎత్తేశారు. తమలో తాము ఆ పని పూర్తి చేసి చూపించాకే, 2023 అక్టోబరు నుంచి సమాఖ్య దేశాలతోనూ డేటా చార్జీలు తగ్గించగలిగారు. వరస గమనించండి: ముందు పొరుగువాళ్ల మధ్య, తర్వాత సమాఖ్యతో.

సావా నది కథ ఇంకా లోతైంది. యుగోస్లావియా ఉన్నంతకాలం అది ఒక దేశం లోపలి నది. దేశం ముక్కలయ్యాక స్లొవేనియా, క్రొయేషియా, బోస్నియా, సెర్బియాల గుండా పారే అంతర్జాతీయ నది అయింది. పై రాష్ట్రంలో గేట్లు ఎప్పుడు ఎత్తుతారో కింద రాష్ట్రానికి తెలియకపోతే ఏమవుతుందో కృష్ణా తీరంలో ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఈ నాలుగు దేశాలు 2002లో సావా నదీ పరివాహక ఒప్పందం చేసుకున్నాయి, కమిషన్‌ కార్యాలయం జాగ్రెబ్‌లో పెట్టాయి. యుద్ధం తర్వాత ఈ దేశాల మధ్య కుదిరిన తొలి పెద్ద ఒప్పందాల్లో ఇది ఒకటి. అయినా 2014 మేలో వరద వచ్చినప్పుడు దాని పరిమితులు బయటపడ్డాయి. బోస్నియా, సెర్బియా, క్రొయేషియాల్లో పదుల సంఖ్యలో జనం చనిపోయారు. యుద్ధకాలంలో పాతిపెట్టిన మందుపాతరలు కొండచరియలతో పాటు కొట్టుకుపోయి, ఎక్కడెక్కడున్నాయో తెలియని పరిస్థితి వచ్చింది. ఆ దెబ్బ తర్వాత ఆ దేశాలు తమ వర్షపాతం, నీటిమట్టం లెక్కలను ఒకే చోట చేర్చి ఉమ్మడి వరద హెచ్చరిక వ్యవస్థ కట్టుకున్నాయి. అందులో సమాఖ్య సభ్యులూ ఉన్నారు, కానివాళ్లూ ఉన్నారు. ఇంజనీర్లు ఒకే పట్టిక చూస్తూ ఒకే భాషలో మాట్లాడుకోవడం మొదలైతే, రేపు సమాఖ్య నీటి చట్టాలు అమలు చేయాల్సి వచ్చినప్పుడు కొత్తగా నేర్చుకోవాల్సింది కొంతే మిగులుతుంది.

సహకారం మీద వినిపించే అసలు విమర్శ ఇలాంటి ఫలితాల గురించి కాదు. ఇదంతా సభ్యత్వం ఇవ్వకుండా కాలం గడపడానికి వేసిన ఎత్తుగడ అన్నదే ఆ విమర్శ. దీనికి ఆధారం లేకపోలేదు. 2014 జులైలో ఐరోపా కమిషన్‌ అధ్యక్ష పదవి చేపట్టబోతున్న జాన్‌క్లోడ్‌ యుంకర్, రాబోయే ఐదేళ్లలో కొత్త సభ్యులెవరూ ఉండరని ప్రకటించారు. మరుసటి నెలలోనే జర్మనీ ఛాన్సలర్‌ అంగెలా మెర్కెల్‌ బాల్కన్‌ నాయకులను బెర్లిన్‌కు పిలిచి ప్రాంతీయ సహకారం కోసం బెర్లిన్‌ ప్రక్రియను మొదలుపెట్టారు. ఒక చేత్తో సభ్యత్వాన్ని వెనక్కి నెట్టి, ఇంకో చేత్తో సహకారాన్ని అందించినట్టు చాలామందికి కనిపించింది. ఉత్తర మాసిడోనియాకు జరిగింది ఈ అనుమానాన్ని ఇంకా బలపరిచింది. గ్రీసు అభ్యంతరం తీర్చడానికి ఆ దేశం 2018 జూన్‌లో ప్రెస్పా ఒప్పందం చేసుకుని తన పేరే మార్చుకుంది. ఒక దేశం తన పేరును పొరుగువాడి కోసం మార్చుకోవడం కంటే పెద్ద సహకారం ఏముంటుంది? అయినా 2019 అక్టోబరులో ఫ్రాన్స్‌ చర్చలను అడ్డుకుంది. 2020 నవంబరులో చరిత్ర, భాషల మీద అభ్యంతరాలతో బల్గేరియా అడ్డుకుంది. చర్చలు లాంఛనంగా మొదలవడానికి 2022 జులై దాకా పట్టింది, ఆ తర్వాత కూడా బల్గేరియా కోరిన రాజ్యాంగ సవరణ షరతు దగ్గర ఆగిపోయాయి. పేరు మార్పుకు ఒప్పించిన ప్రధాని జోరన్‌ జాయెవ్‌ పార్టీ 2024లో ఘోరంగా ఓడిపోయింది. ఈ అన్యాయం చూశాక పక్క దేశాల్లోని నాయకుడెవరైనా ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు వెనకాడితే తప్పు పట్టలేం. అయితే ఇక్కడ విఫలమైంది సహకారం కాదు. ఉత్తర మాసిడోనియా తన పని చేసింది, గ్రీసుతో దాని తగాదా తీరింది, 2020లో నాటోలోనూ చేరింది. మాట తప్పింది సమాఖ్య.

ఇంకో అభ్యంతరం ఆర్థికవేత్తల నుంచి వస్తుంది. ఈ దేశాల వ్యాపారంలో మూడింట రెండు వంతుల దాకా సమాఖ్య దేశాలతోనే నడుస్తుంటే, ఒకరితో ఒకరికి ఉన్న కొద్దిపాటి వ్యాపారం కోసం ఇన్ని సమావేశాలెందుకని వాళ్లు అడుగుతారు. లెక్క నిజమే. కానీ ఆ కొద్దిపాటితనానికి సరిహద్దులే కొంత కారణం. లారీలు గంటల తరబడి ఆగుతాయి, ఒక దేశం ఇచ్చిన ఆహార పరీక్ష కాగితాన్ని ఇంకో దేశం ఒప్పుకోదు. 2020లో కొవిడ్‌ వేళ అత్యవసర సరకుల వివరాలు ముందుగానే ఆన్‌లైన్‌లో పంపించే హరిత మార్గాలు పెట్టినప్పుడు, తలుచుకుంటే ఏం చేయొచ్చో తెలిసింది. ఆరు లక్షల పైచిలుకు జనాభా ఉన్న మాంటెనెగ్రోలో ఫ్యాక్టరీ పెట్టాలంటే పెట్టుబడిదారుడు వెనకాడతాడు, కోటిన్నర దాటిన ఉమ్మడి మార్కెట్‌ అయితే కొంతైనా ఆలోచిస్తాడు. 2022 నవంబరులో బెర్లిన్‌లో చేసుకున్న ఒప్పందాలు గుర్తింపు కార్డుతోనే ప్రయాణించడానికీ, డిగ్రీలనూ డాక్టర్ల, దంతవైద్యుల, ఆర్కిటెక్టుల అర్హతలనూ పరస్పరం గుర్తించడానికీ ఉద్దేశించినవి. యువత ఎలాగూ జర్మనీకి వెళ్లిపోతున్నప్పుడు వీటి వల్ల ఒరిగేదేమిటని అనొచ్చు. 2011లో 28 లక్షలున్న అల్బేనియా జనాభా 2023 నాటికి 24 లక్షలకు పడిపోయిన మాట వాస్తవం. ఆ వలసను ప్రాంతీయ ఒప్పందాలు ఆపలేవు. కానీ స్కోప్యేలో చదివిన డాక్టరు కొసావోలోని ప్రిష్టినాలో పనిచేయడానికి ఏళ్ల తరబడి కాగితాలు తిప్పాల్సి వస్తే, ఆ డాక్టరు నేరుగా మ్యూనిక్‌కే వెళ్తాడు.

సమాఖ్య నియమాలు సభ్యత్వానికి ముందే ఎంత దూరం చేరతాయో మనకు తగిలిన ఉదాహరణ ఒకటుంది. 2017 నుంచి భారతీయులు వీసా లేకుండా 30 రోజుల దాకా సెర్బియాలో ఉండగలిగేవారు. అలా బెల్‌గ్రేడ్‌కు వచ్చినవాళ్లలో కొందరు అక్కడి నుంచి సమాఖ్య దేశాల్లోకి వెళ్తున్నారని 2022లో బ్రస్సెల్స్‌ గట్టిగా అభ్యంతరం చెప్పింది. 2023 జనవరి 1 నుంచి సెర్బియా మనకు ఆ వెసులుబాటు తీసేసింది. ఒక దేశం తలుపు వేసి పక్క దేశం తెరిచి ఉంచితే లాభం లేదు, అందుకే వీసా విధానాన్ని ఆరు దేశాలూ ఒక దారికి తేవాలని సమాఖ్య ఒత్తిడి చేస్తోంది.

పెద్ద పొరుగువాడి భయాన్ని కూడా తక్కువ చేయలేం. 2019 అక్టోబరులో సెర్బియా, అల్బేనియా, ఉత్తర మాసిడోనియా నాయకులు నోవిసాద్‌లో మొదలుపెట్టి, 2021లో ఓపెన్‌ బాల్కన్‌ అని పేరు పెట్టిన ప్రయత్నానికి మిగతా మూడు దేశాలు దూరంగా ఉండిపోయాయి. అందరికంటే పెద్దదైన సెర్బియా దీన్ని తన పలుకుబడి పెంచుకోవడానికి వాడుకుంటుందని కొసావో అనుమానించింది. 2023లో అల్బేనియా ప్రధాని ఎడి రామా దాని పని అయిపోయిందన్నట్టు మాట్లాడి బెర్లిన్‌ ప్రక్రియ వైపు మొగ్గారు. ఆరుగురూ సమాన హోదాతో కూర్చునే వేదిక, ముగ్గురు నాయకుల స్నేహం మీద నిలబడ్డ వేదిక కంటే నెమ్మదిగా నడిచినా ఎక్కువ కాలం మన్నుతుందని దీన్నిబట్టి నాకు అనిపిస్తుంది. కొసావో విషయంలో సహకారానికి ఉన్న హద్దులు కూడా స్పష్టంగానే కనిపిస్తాయి. ప్రాంతీయ సమావేశాల్లో ఆ పేరు పక్కన ఒక నక్షత్రం గుర్తు, కింద ఒక వివరణ ఉండాలని 2012లో ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది. 2018 నవంబరులో కొసావో సెర్బియా, బోస్నియా సరకుల మీద 100 శాతం సుంకం వేసింది. 2023 సెప్టెంబరులో బాన్‌స్కా గ్రామం దగ్గర సాయుధ దాడిలో కొసావో పోలీసు అధికారి చనిపోయాడు. కరెంటు, రోమింగ్‌ ఒప్పందాలు ఇలాంటి తగాదాను తీర్చగలవని ఎవరూ చెప్పలేరు. తగాదా నడుస్తుండగానే ఆసుపత్రిలో దీపాలు వెలుగుతూ ఉండేలా, లారీలు కదులుతూ ఉండేలా చూడగలవు, అదీ చిన్న విషయం కాదు.

ఉక్రెయిన్‌ యుద్ధం తర్వాత సమాఖ్యకు బాల్కన్ల మీద మళ్లీ శ్రద్ధ వచ్చింది. 2023లో ప్రకటించిన వృద్ధి ప్రణాళిక 2024-27 మధ్య 600 కోట్ల యూరోలు ఇస్తానంటోంది, అందులో 200 కోట్లు గ్రాంటు, మిగతాది అప్పు. సంస్కరణలు చేసిన మేరకే డబ్బు విడుదలవుతుంది, తమలో తాము ఉమ్మడి మార్కెట్‌ను తెరిస్తేనే సమాఖ్య మార్కెట్‌లో భాగాలు అందుబాటులోకి వస్తాయి. సహకారానికి చేతికందే ఫలితాన్ని ముడిపెట్టడం సరైన పద్ధతే. కానీ అసలు లోపం ఇంకా అలాగే ఉంది. చర్చల ప్రతి మెట్టు మీదా ప్రతి సభ్యదేశానికీ అడ్డుపడే అధికారం ఉంది, ముందు చేరిన పొరుగుదేశమే వెనకవాడిని ఆపడం అలవాటైపోయింది. 2008లో పిరాన్‌ అఖాతం సరిహద్దు తగాదా మీద స్లొవేనియా క్రొయేషియాను ఆపింది. ఆ బాధ అనుభవించిన క్రొయేషియా 2011లో తన పార్లమెంటులో, తమ పొరుగువాళ్ల విషయంలో అలా చేయబోమని తీర్మానించింది. 2024 డిసెంబరులో అదే క్రొయేషియా, రెండో ప్రపంచయుద్ధంలో అప్పటి క్రొయేషియా పాలకులు నడిపిన యాసెనొవాట్స్‌ నిర్బంధ శిబిరం గురించి మాంటెనెగ్రో పార్లమెంటు చేసిన తీర్మానానికి నొచ్చుకుని, చర్చల్లో విదేశాంగ విధానానికి సంబంధించిన అధ్యాయాన్ని ముగించనివ్వలేదు. మధ్య మెట్లలోనైనా ఏకగ్రీవం బదులు భారీ మెజారిటీ సరిపోయేలా మార్చాలని జర్మనీ, స్లొవేనియా ప్రతిపాదించాయి. అది ఒప్పుకోవడం కనీసం చేయాల్సిన పని. 2028 నాటికి సభ్యత్వం లక్ష్యంగా పెట్టుకున్న మాంటెనెగ్రో ఆ వరసలో ముందుంది. దాని చేరిక ఒప్పందంలోనే, మిగిలిన ఐదుగురి దారికి ఇద్దరి మధ్య తగాదాలను అడ్డుపెట్టబోమన్న షరతును ఉల్లంఘిస్తే కోర్టుకు వెళ్లగలిగేలా రాయాలి. పార్లమెంటు తీర్మానాలకు ఆ బలం లేదని క్రొయేషియా చూపించింది.